డిగ్రీ నాలుగో ఏడాది పరిశోధన: అంశానికి ముందు ఆధారం

2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి తొమ్మిది పేజీల గణిత పత్రం ఒకటి బయటికొచ్చింది. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో, అది ఎంత పెద్దదైనా, నిరూపణ కాని ఊహల మీదా అదృష్టం మీదా ఆధారపడకుండా త్వరగా తేల్చే పద్ధతి అందులో ఉంది. ప్రపంచమంతా గణితవేత్తలు ఏళ్ల తరబడి వెతుకుతున్నది అదే. రాసిన ముగ్గురిలో ఒకరు ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్. మిగతా ఇద్దరు, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా, అప్పుడే బీటెక్ ముగించినవాళ్లు. 2006లో ముగ్గురికీ గోడెల్ బహుమతి వచ్చింది.

ఈ కథ చెప్పి ‘మీరూ అంతటివాళ్లు కావచ్చు’ అనడం కెరీర్ వ్యాసాలకు అలవాటు. అది పక్కన పెడదాం. విద్యార్థికి పనికొచ్చే వివరం ఇందులో వేరే ఉంది. ఆ ఇద్దరి బీటెక్ ప్రాజెక్టు ఉన్నట్టుండి పుట్టలేదు. ముందు బ్యాచ్‌లో ఇద్దరు సీనియర్లు 2001లో ఇదే ప్రశ్న మీద ప్రాజెక్టు చేసి రిపోర్టు పెట్టి వెళ్లారు. కొత్తవాళ్లు ఆ రిపోర్టు చదివి, పని ఆగిన చోట అందుకున్నారు. కంప్యూటర్ మీద ఒక ఊహను పెద్ద పెద్ద సంఖ్యల దాకా సరిచూస్తూ కూర్చున్నారు. అద్భుతం తర్వాతి మాట. ముందు జరిగింది చేతికందిన సరుకుతో ఓపిగ్గా చేసిన పని. డిగ్రీ స్థాయి థీసిస్ అంటే అదే.

ఆనర్స్ మళ్లీ వచ్చింది

మన తాతల తరంలో ఇంటి ముందు బోర్డు మీద పేరు పక్కన ‘బి.ఏ. ఆనర్స్’ అని రాయించుకున్నవాళ్లు ఉండేవారు. మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల ఆనర్స్‌కు అప్పట్లో అంత విలువ. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ చదువుతుండగానే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ రాసిన పత్రం 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. తర్వాత మన డిగ్రీ కాలేజీల్లో ఆ మాట దాదాపు వినబడకుండా పోయింది. జాతీయ విద్యా విధానం 2020తో మళ్లీ తలుపు తట్టింది.

లెక్క ఇదీ. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన కరిక్యులమ్, క్రెడిట్ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. నాలుగో ఏడాదిలో దారి రెండుగా చీలుతుంది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లు ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ ఎంచుకుని, గైడ్ దగ్గర 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయొచ్చు. మిగతా ఆనర్స్ విద్యార్థులు ఆ 12 క్రెడిట్లకు బదులు కోర్సులు చదువుతారు. మార్కుల పట్టీ మీద రెంటికీ పేరు వేరు. మీ కాలేజీ వెబ్‌సైటులో ‘ఆనర్స్’ అని కనబడగానే పరిశోధన ఉందనుకోకండి. మీ డిపార్ట్‌మెంటులో పీహెచ్‌డీ ఉన్న రెగ్యులర్ అధ్యాపకులు ఎంతమంది, గైడ్‌గా ఉండేందుకు ఎవరు ఒప్పుకుంటున్నారు అనేది అయిదో సెమిస్టర్‌లోనే నేరుగా అడిగి తెలుసుకోవాలి.

నాలుగో ఏడాది వల్ల ఒరిగేదేమిటి? నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు అయిదు శాతం సడలింపు. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్ కూడా రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పీజీ చేయాలనుకున్నా, ఒక ఏడాదిలో ముగిసే పీజీకి ఈ కొత్త పద్ధతిలో వీలుంది.

అయినా ఈ నాలుగో ఏడాది అందరికీ అవసరం లేదు. ఇంట్లో జీతం కోసం ఎదురుచూస్తుంటే మూడో ఏడాదితో డిగ్రీ పట్టా తీసుకుని బయటపడటంలో చిన్నతనం ఏమీ లేదు. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదవాలని ముందే తేల్చుకున్నవాళ్లు ఇంకో ఏడాది కాలేజీ ఫీజు కట్టడం దండగ. ‘స్నేహితురాలు చేరింది కాబట్టి నేనూ’ అని చేరినవాళ్లే చివరి సెమిస్టర్‌లో అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనడానికి బయల్దేరుతారు. ఒక ప్రశ్న వెంట ఏడాది పాటు పడగలనా, దానికి జవాబు దొరక్కపోయినా ఫర్వాలేదా? ఈ రెంటికీ అవునంటేనే చేరండి.

ఇంజినీరింగ్, సైన్స్ విద్యాసంస్థల్లో ఇలాంటి పరిశోధన ముందునుంచే ఉంది. తిరుపతి ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ అయిదో ఏడు మొత్తం థీసిస్‌దే. బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల బ్యాచిలర్ డిగ్రీ 2011లో మొదలైనప్పటి నుంచీ దానికి పరిశోధనే వెన్నెముక. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ విద్యార్థులు ఒక సెమిస్టర్ మొత్తం థీసిస్‌కు కేటాయించుకుని బయటి ల్యాబ్‌కైనా వెళ్లొచ్చు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆనర్స్ అంటేనే ఏదో ఒక పరిశోధన కేంద్రంలో పనిచేయడం. మామూలు డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఈ వాతావరణం ఉండదు. అతనికి ఉన్న బలం వేరు: ఊరు, భాష, పరిచయాలు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ విద్యార్థి కోసమే.

ప్రశ్నకు ముందు సరుకు

గైడ్ దగ్గరికి వెళ్లే విద్యార్థి సాధారణంగా ఒక అంశం పట్టుకెళ్తాడు. ‘తెలంగాణలో మహిళా సాధికారత’, ‘ఆంధ్రప్రదేశ్‌లో నీటి కాలుష్యం’, ‘కృత్రిమ మేధతో వ్యవసాయం’. వీటిలో ఏదీ ఏడాదిలో తేలదు, పదేళ్లలోనూ తేలదు. ‘ఇంకా కుదించు’ అంటారు గైడ్. ఎలా కుదించాలో మాత్రం చెప్పరు. జిల్లా పేరు తీసి మండలం పేరు పెడితే కుదించినట్టు కాదు. నాకు తెలిసిన దారి ఒకటే: ముందు ఆధారం వెతకాలి. నా చేతికి ఏ రికార్డు, ఏ నమూనా, ఏ డేటా, ఏ మనుషులు నిజంగా అందుతారు? ఆ సరుకు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదు? ఈ వరుసలో ఆలోచిస్తే అంశం దానంతట అదే చిన్నదవుతుంది. ఏది ఆధారంగా చెల్లుతుందనేది మాత్రం ఒక్కో శాస్త్రంలో ఒక్కో తీరు.

చరిత్ర విద్యార్థులతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు అక్కడే. చరిత్ర థీసిస్ అంటే పది పుస్తకాలు చదివి పదకొండోది రాయడం కాదు. ఎవరూ సరిగ్గా చూడని కాగితం ఒకటి మీరు చూడాలి. నిజాం కాలపు రికార్డులు హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూ. ఆ లిపి రానివాళ్లు కరీంనగర్ జాగీర్ల మీద థీసిస్ తలపెడితే రెండో నెలలో చేతులెత్తేయాల్సిందే. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో, ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. కాబట్టి కర్నూలు, గుంటూరు విద్యార్థికి అక్కడ దారి సులువు, ఖర్చు మాత్రం ఎక్కువ. ఈ రెండూ కుదరనివాళ్లకు తెలుగు పత్రికలున్నాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, 1901 నాటి హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం... వీటిలో పాత పత్రికల సంపుటాలు దొరుకుతాయి. కొన్ని పాత పత్రికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో ఉంచింది.

ఇప్పుడు ప్రశ్న పుట్టించి చూద్దాం. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రిక అయింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చిపెట్టింది. ఆ ఏడాది చివరి నెలల సంచికల్లో ఆ జబ్బును ఏ పేరుతో పిలిచారు, మందుల ప్రకటనలు ఎలా మారాయి, జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు ఏం కోరాయి? ముందు ఆ సంచికలు దొరుకుతాయో లేదో వెళ్లి చూడండి. దొరికితే అది థీసిస్. దొరక్కపోతే ఆ రోజే ఇంకో ప్రశ్నకు మళ్లండి, మూడు నెలలయ్యాక కాదు. ఆర్కైవ్‌కు వెళ్లేటప్పుడు ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం, ఆధార్ కార్డు, పెన్సిలు తీసుకెళ్లండి. పాత కాగితాల దగ్గర పెన్నుకు చాలాచోట్ల అనుమతి ఉండదు. ఫొటోలు తీసుకోవచ్చా, పేజీకి ఎంత అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.

తెలుగు, భాషాశాస్త్రం చదివేవాళ్లకు అక్షయపాత్ర లాంటి పని ఒకటి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వెలువడింది. ఊళ్లు తిరిగి, పనివాళ్ల నోట విని కూర్చిన పదాలవి. చీరాల విద్యార్థో పోచంపల్లి విద్యార్థో చేనేత సంపుటం పట్టుకుని తమ ఊళ్లోని మగ్గాల దగ్గరికి వెళ్లి ఆ పదాల్లో ఏవి బతికున్నాయి, ఏవి ముసలివాళ్లకే తెలుసు, ఏవి అర్థం మారాయి అని అడిగితే చాలు, గట్టి థీసిస్ అవుతుంది. పడుగు, పేక, నాడె, కండె అందరికీ తెలుస్తాయి. కాని ఆసు పోసే పనికి చింతకింది మల్లేశం యంత్రం వచ్చాక ఆ పని చుట్టూ ఉన్న మాటలేమయ్యాయి? ఆ జవాబు ఏ లైబ్రరీలోనూ లేదు, మగ్గం గుంటల దగ్గరే ఉంది. పదకోశం కూర్చినవాళ్లు ఏ పద్ధతిలో అడిగారో మీరూ ఆ పద్ధతిలోనే అడగండి, లేకపోతే అప్పటి జాబితాకూ ఇప్పటి జాబితాకూ పోలిక కుదరదు.

రసాయనశాస్త్రంలో ఆధారం అంటే కొలత, ఆ కొలత మళ్లీ చేస్తే మళ్లీ అదే రావడం. నల్లగొండ ఫ్లోరైడ్ మీద మన కాలేజీల్లో లెక్కలేనన్ని ప్రాజెక్టులు వచ్చాయి. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో, అప్పటికి అది నెల్లూరు జిల్లా. 1970లలో నాగ్‌పుర్ నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టింది. ఇంత జరిగాక ‘నల్లగొండ నీటిలో ఫ్లోరైడ్ ఉంది’ అని ఇంకో విద్యార్థి నిరూపించక్కర్లేదు. కాని మిషన్ భగీరథ నల్లా వచ్చిన ఊళ్లలో బోరు నీటిని ఇంకా దేనికి వాడుతున్నారు? వంటకా, పశువులకా, కూరగాయల మడికా? ఒక్క మండలంలో ముప్ఫై బోర్ల నీళ్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి. భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, ఇతర నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా. కాలేజీలో ఫ్లోరైడ్ కొలిచే అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు? ఉంటే పని నడుస్తుంది. ప్రతి నమూనా మూడుసార్లు కొలవండి, సీసా మీద తేదీ, చోటు, లోతు అప్పటికప్పుడే రాయండి.

ఫిజిక్స్, మ్యాథ్స్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అక్కడ గైడ్ ఎవరనేదే సగం థీసిస్. ఒక మంచి పత్రాన్ని వరుసవరుసగా విప్పి, వదిలేసిన మెట్లు పూరించి, ఒక ప్రత్యేక సందర్భంలో లెక్క వేసి చూపిస్తే డిగ్రీ స్థాయికి అదే గౌరవమైన పని.

జంతుశాస్త్రం, భూగోళశాస్త్రం విద్యార్థులు ఒక్క చోటే కలిసి పనిచేయగల జాగా కొల్లేరు. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన ఆపరేషన్. ఉపగ్రహ చిత్రాలు ఉచితం: ల్యాండ్‌శాట్ బొమ్మలు 1970ల నుంచి, యూరప్ వాళ్ల సెంటినెల్ బొమ్మలు గత పదేళ్లుగా. 2006కు ముందు చెరువులు ఎంత మేర ఉన్నాయి, తర్వాత ఎంత, మళ్లీ ఎప్పుడు పెరిగాయి? ఇంత మంచి ప్రశ్నకు ఒక ల్యాప్‌టాప్, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. ఒక హెచ్చరిక: కార్తీకంలో తీసిన బొమ్మను వైశాఖంలో తీసిన బొమ్మతో పోల్చకూడదు. నీళ్లు తగ్గిందీ చెరువులు తగ్గిందీ ఒకేలా కనబడతాయి. పక్షుల లెక్కకు గానీ, నమూనాల సేకరణకు గానీ అభయారణ్యం లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పదు, దానికి నెలలు పడుతుంది. అనుమతి వచ్చేలోపు బయట గట్ల మీద నిలబడి చూసే పని ఏదైనా పెట్టుకోండి.

ఆర్థికశాస్త్రం విద్యార్థులకు ఒక అపోహ: సర్వే చేయకపోతే థీసిస్ కాదని. దేశవ్యాప్తంగా లక్షల మందిని అడిగి ప్రభుత్వం సేకరించిన శ్రామిక శక్తి సర్వే, గృహ వినియోగ వ్యయ సర్వే యూనిట్ స్థాయి డేటా కేంద్ర గణాంక శాఖ సైటులో ఉచితంగా దొరుకుతుంది. మీరు యాభై ఇళ్లు తిరిగి అడిగేదానికన్నా అది వెయ్యి రెట్లు నమ్మదగింది. ఊరి స్థాయిలో కావాలంటే ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలున్నాయి. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు ఆ గ్రామాల్లో ఒకటి. అవే కుటుంబాల వివరాలు ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చిన డేటా అరుదు. కామర్స్ వాళ్లకు మాత్రం చిన్న సర్వే పనికొస్తుంది, అడిగేది లోతుగా ఉంటే. ఒక్క బజారులో పాతిక కిరాణా కొట్లు తీసుకుని, క్యూఆర్ కోడ్ వచ్చాక అరువు ఖాతా పుస్తకం ఏమైందని అడిగి చూడండి.

కంప్యూటర్ సైన్స్‌లో పరిస్థితి తలకిందులు. సరుకు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ. ఇంటర్నెట్‌లో దొరికిన డేటాకు దొరికిన మోడల్ తగిలించి ‘97 శాతం ఖచ్చితత్వం’ అని రాసిన రిపోర్టులు అలమరల నిండా ఉన్నాయి. అందులో విద్యార్థి కనుక్కున్నది ఏమీ లేదు. తెలుగు వచ్చిన విద్యార్థికి ఒక అదనపు వీలుంది. తెలుగు మాటను రాతగా మార్చే ఉచిత పరికరాలు ఇప్పుడున్నాయి. ఐఐటీ మద్రాస్ ఏఐ ఫర్ భారత్ బృందం విడుదల చేసినవీ, ఓపెన్ ఏఐ వాళ్ల విస్పర్ లాంటివీ. వార్తలు చదివే గొంతును ఇవి బాగానే పట్టుకుంటాయి. శ్రీకాకుళంలో డెబ్బై ఏళ్ల అమ్మమ్మ మాటను ఎంత పట్టుకుంటాయి? ఇరవై మంది దగ్గర, వాళ్ల అనుమతితో, తలో పది నిమిషాలు రికార్డు చేసి, చేత్తో రాసుకుని, యంత్రం రాసినదాంతో పోల్చాలి.

ఇక్కడో చిక్కుంది. ఇంగ్లిష్‌లో తప్పుల్ని పదాల లెక్కన కొలుస్తారు. తెలుగులో ‘వచ్చేసిందని అంది’ని యంత్రం ‘వచ్చేసిందనంది’ అని రాస్తే వినేవాడికి తేడా లేదు, పదాల లెక్కలో మాత్రం రెండు పదాలూ తప్పే. కాబట్టి అక్షరాల లెక్కా ఇవ్వాలి, సంధి వల్ల వచ్చిన తేడాలను విడిగా చూపించాలి. ఈ ఒక్క అధ్యాయం చాలు, మీ థీసిస్‌ను బయటి ప్రపంచంలో ఎవరైనా తెరిచి చూడటానికి. పరిశోధన అంటే కొత్త మోడల్ కట్టడమే అనుకునేవాళ్లు ఈ రకం పనిని చిన్నచూపు చూస్తారు. ఉద్యోగమిచ్చేవాళ్లు చూడరు, వాళ్లకు రోజూ ఎదురయ్యే తలనొప్పి ఇదే మరి.

మనస్తత్వశాస్త్రం, సోషల్ వర్క్, ప్రజారోగ్యం చదివేవాళ్లకు మనుషులే ఆధారం. కాబట్టి ఒక మెట్టు ఎక్కువ. గూగుల్ ఫారం తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేసి, నూట యాభై జవాబులు రాగానే ‘తెలుగు యువతలో ఆందోళన’ అని శీర్షిక పెట్టడం కుదరదు. అది మీ స్నేహితుల్లో ఖాళీగా ఉన్నవాళ్ల సర్వే. అడిగేముందు సంస్థ నైతిక కమిటీ అనుమతి, జవాబిచ్చేవారి అంగీకార పత్రం ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఇందుకు దారి చూపుతాయి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారమూ కావాలి. అంగీకార పత్రం తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో రాయండి. చదవలేనివారికి చదివి వినిపించండి.

గైడ్, గ్రంథాలయం, దొంగతనం

గైడ్‌గా పెద్ద పేరున్నవారిని పట్టుకోవాలన్న తాపత్రయం వద్దు. వారానికో పదిహేను రోజులకో అరగంట కూర్చునే గైడ్ కావాలి. మొదటిసారి కలిసినప్పుడు రెండు పేజీల కాగితం పట్టుకెళ్లండి: ఏ ఆధారం దొరికింది, అది ఏం చెప్పగలదనుకుంటున్నారు, ఇంతవరకు ఎవరేం చేశారు. ‘సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి’ అని వెళ్తే వచ్చేది సార్‌కు అవసరమైన పని, మీకు ఇష్టమైన పని కాదు. మేడమ్‌కు ఈమెయిల్ రాసేటప్పుడు మీ ఆసక్తుల గురించి పేజీ నింపకండి. ఆమె రాసిన ఒక పత్రం చదివి, అందులో మీకు తట్టిన ఒక్క సందేహం రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. సైన్స్ వాళ్లు మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోండి. దేశంలో ఏదో ఒక పెద్ద ల్యాబ్‌లో రెండు నెలలు. ఎండాకాలంలో గుర్తొస్తే లాభం లేదు, దరఖాస్తుల గడువు చలికాలానికే అయిపోతుంది.

ఇంతవరకు ఎవరేం చేశారో చూడటానికి చందా పత్రికల గోడ ఉండేది. 2025 జనవరి నుంచి కేంద్రం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచింది. మీది ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అయితే లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీ వాళ్లకు భారతీయ పీహెచ్‌డీ థీసిస్‌లుండే శోధ్‌గంగ ఉంది, రచయితకు రెండు ముక్కల ఈమెయిల్ ఉంది. చాలామంది రచయితలు తమ పత్రం పంపడానికి సంతోషిస్తారు.

కాపీ విషయానికొస్తే, యూజీసీ 2018 నిబంధనల్లో గీత 10 శాతం దగ్గర ఉంది. అది దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సాఫ్ట్‌వేర్ అంకెను దాటేయడానికి మాటలు అటూ ఇటూ మార్చడం, ఇంగ్లిష్ పేరాను తెలుగులోకి తిప్పేసి తనదిగా పెట్టడం కూడా దొంగతనమే. చాట్‌బాట్లతో ఇంకో ప్రమాదం: లేని పుస్తకాలను, లేని వ్యాసాలను ఉన్నట్టే పేరు, సంవత్సరం, పేజీలతో సహా కూర్చి ఇస్తాయి. మీరు స్వయంగా తెరిచి చదవనిదేదీ మీ థీసిస్ చివరి జాబితాలో ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు. జాబితా నిర్వహణకు జొటేరో అనే సాఫ్ట్‌వేర్ మొదటి రోజే పెట్టుకోండి, చివరి వారం కాదు.

‘మూడు రోజుల్లో అంతర్జాతీయ ప్రచురణ’ అంటూ వచ్చే మెసేజీలను తుడిచేయండి. డబ్బు తీసుకుని దేన్నైనా అచ్చేసే పత్రికలవి. అందులో పేరుంటే రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మేలుకన్నా కీడే ఎక్కువ. డిగ్రీ విద్యార్థికి ప్రచురణ ఉండితీరాలని ఎవరూ అడగరు.

సమయం ఎక్కడ పోతుంది

జూలైలో ఏడో సెమిస్టర్ మొదలైతే చాలామంది సంక్రాంతి దాకా చదువుతూనే ఉంటారు. రాత ఫిబ్రవరిలో మొదలవుతుంది, ఏప్రిల్‌లో గందరగోళం. దీన్ని తిరగేయండి. ఆరో సెమిస్టర్ తర్వాతి వేసవిలోనే ఆధారం చేతికందుతుందో లేదో ఒకసారి వెళ్లి చూసి రావాలి. దసరాలోపు చిన్న ప్రయోగం: అయిదు నమూనాలు, మూడు ఇంటర్వ్యూలు, ఒక నెల పత్రికలు. పద్ధతిలో లొసుగులన్నీ ఇక్కడే బయటపడతాయి. అసలు సేకరణ జనవరికి ఆపేయాలి. పద్ధతి గురించిన అధ్యాయం ఆ పని చేస్తున్న రోజుల్లోనే రాయండి, అప్పుడు వివరాలు గుర్తుంటాయి. పరిచయ అధ్యాయం అన్నిటికన్నా చివర రాయాలి. చేసిందేమిటో తెలియకుండా పరిచయం ఎలా చేస్తారు?

అనుకున్న ఫలితం రాకపోతే? చాలాసార్లు రాదు. ‘బోరు నీళ్లలో తేడా కనబడలేదు’ అన్నది కూడా ఫలితమే, మీరు జాగ్రత్తగా కొలిచి ఉంటే. అంకెలు సర్దడం మొదలుపెట్టినవాళ్లు వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

వైవా గురించి విద్యార్థులకు భయం ఎక్కువ. బయటినుంచి వచ్చే పరీక్షకులు సాధారణంగా అడిగేవి మూడు: ఈ ప్రశ్నే ఎందుకు, ఈ ఆధారాన్ని ఎందుకు నమ్మాలి, ఇందులో మీరు స్వయంగా చేసిందేమిటి. గైడ్ అడిగారనో సీనియర్ చేశాడనో చెబితే అక్కడికే ఆగిపోతుంది. మూడో ప్రశ్నే తర్వాత ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ వస్తుంది. ఐటీ కంపెనీ హెచ్ఆర్‌కు ఫ్లోరైడ్ పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. ‘అరవై నమూనాల్లో ఏడు కొలతలు పొంతన కుదరలేదు, ఎలక్ట్రోడ్ తప్పా నీటి తప్పా అని ఇలా తేల్చుకున్నాను’ అని రెండు నిమిషాల్లో చెప్పగలిగితే మిమ్మల్ని ఆ గదిలో ఎవరూ మరచిపోరు. రెజ్యూమెలో థీసిస్ శీర్షిక ఒక్కటీ రాసి వదిలేయకుండా, ఎంత డేటా, ఏ పరికరం, ఏం తేలింది అని రెండు వరుసలు రాయండి.

అమెరికాలో ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు తమ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను కన్సల్టెన్సీతో రాయిస్తున్న రోజులివి. ఒకే అచ్చులో వచ్చే ఆ వందల కాగితాల మధ్య డోకూరు కుటుంబాల లెక్కల గురించో, కొల్లేరు గట్ల గురించో మీరే రాసిన పేరా ఒకటి ఉంటే చదివే ప్రొఫెసర్ చెయ్యి అక్కడ ఆగుతుంది. సిఫారసు ఉత్తరం కూడా అంతే. ‘క్రమశిక్షణ గల విద్యార్థి’ అని ఎవరైనా రాస్తారు. మీరు ఏ నెలలో ఏ తప్పు పట్టుకున్నారో, దాన్ని ఎలా సరిచేశారో రాయగలిగేది ఏడాది పాటు మీ పని చూసిన గైడ్ ఒక్కరే. అందుకే ఉత్తరం అడిగేటప్పుడు మీరు చేసిన పని ఒక పేజీలో రాసి, థీసిస్ కాపీతో పాటు, గడువుకు నెల ముందే వారి చేతికివ్వండి.